బాగుచేసుకోండి

పంతులమ్మకు కోపం వస్తే గొంతు పెరగదు, ఒత్తులు స్పష్టమవుతాయి. ముప్పై ఏళ్ళు బడిలో భాష చెప్పిన నాలుక అది. "మా ఆవిడ ఒత్తులు విడివిడిగా వినబడుతున్నాయంటే ఆ పూటకి నోరు మూసుకోవడమే క్షేమం" అని ఆమె భర్త అందరికీ చెప్పి నవ్విస్తూ ఉంటాడు.

బడికి వేసవి సెలవులు. ఆ బుధవారం ఉదయం ప్రార్థనాలయం వెనక గదిలో ఆ ఒత్తుల్ని ఐదుగురు విన్నారు.

ఆ గదిలో ఏడేళ్ళుగా ఒక పని నడుస్తోంది. కొత్త నిబంధనను జనం ఇంట్లో మాట్లాడుకునే భాషలోకి, గ్రీకు నుంచి నేరుగా, మళ్ళీ రాస్తున్నారు. రాసేది ఇద్దరే. ఒకరు పెద్దయ్యగారు. ఎనభై దాటిన పాత బోధకుడు. ఎడమ కంటికి చూపు మందగించింది కానీ గ్రీకు మాత్రం మందగించలేదు. రెండోది పంతులమ్మ. బడి నుంచి రాగానే చీరకి అంటిన సుద్దపొడి దులుపుకుని, ఏళ్ళ తరబడి ఆయన ముందు కూర్చుని ఆ భాష నేర్చుకుంది.

వాళ్ళకొక పద్ధతి ఉంది. ఒక్కో పేజీ పూర్తికాగానే, పెద్దగా చదువుకోని ఐదుగురిని పిలిచి చదివి వినిపిస్తారు. "ఏం అర్థమైంది?" అని మాత్రమే అడుగుతారు. "బాగుందా?" అని అడగరు. అలా అడిగితే మర్యాదకు బాగుందంటారు, పుస్తకం గంగలో కలుస్తుంది.

ఆ రోజు చదివింది ఒక లేఖ చివరి భాగం. పంతులమ్మ కళ్ళజోడు సవరించుకుని చదివింది.

"అన్నదమ్ములారా, ఎవరైనా ఏదైనా తప్పులో దొరికిపోతే, మీరు మృదువుగా అతణ్ణి సరిదిద్దండి."

తర్వాత అందరినీ వరసగా అడిగింది. నలుగురు తలలూపారు. ఐదో మనిషి వలలక్క. రేవులో వలలు బాగుచేసే షెడ్డుకు పెద్ద ఆవిడే. భుజాలు చూస్తే పడవని ఒక్కతే ఒడ్డుకి లాగేసేలా ఉంటుంది.

"నీకేం అర్థమైందమ్మా?"

"అర్థం కాకేం? మెత్తని చెప్పుతో కొట్టమంటున్నారు."

గదంతా గొల్లుమంది. పెద్దయ్యగారు కూడా నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. పంతులమ్మ మాత్రం నవ్వలేదు.

"ఇందులో కొట్టడం ఎక్కడుంది? సరి-దిద్దండి అని కదా ఉంది?"

"అదే కదమ్మా. మా నాన్న 'నిన్ను సరిదిద్దుతానుండు' అన్నాడంటే చేతిలో ఏదో ఒకటి ఉన్నట్టే. మేం వెనక గుమ్మం వెతుక్కునేవాళ్ళం." వలలక్క అంతటితో ఆగిపోతే బాగుండేది. ఆమెకు ఆగడం తెలియదు. "అంతెందుకు, నాలుగేళ్ళ కింద ఈ పక్క హాల్లోనే సరంగుని మీరందరూ కలిసి సరిదిద్దలేదూ? ఆ మనిషి ఈరోజుకీ తలెత్తి నడవడు."

నవ్వులు టక్కున ఆగిపోయాయి. సరంగు పంతులమ్మ సొంత తమ్ముడని అక్కడ అందరికీ తెలుసు. చెప్పిన వలలక్కకే అందరికంటే బాగా తెలుసు.

ఆ సంగతి ఇది. ఆమె తమ్ముడు చేపల పడవ నడిపేవాడు. మంచి సరంగు. పొగమంచులో కూడా నీళ్ళ రంగు చూసి లోతు చెప్పగలడని పేరుండేది. బావ, అంటే పంతులమ్మ భర్త, అదే పడవ మీద పనిచేసేవాడు. ఒక తెల్లవారుజామున తమ్ముడు తాగి పడవ నడిపాడు. పడవ రేవు గట్టు రాళ్ళకి కొట్టుకుంది. ముందు వైపు నిలబడ్డ బావ పడవకీ రాళ్ళకీ మధ్య పడి, కుడి కాలు రెండు చోట్ల విరగ్గొట్టుకున్నాడు. అది ప్రమాదం. దాన్ని మించిన తప్పు తర్వాత జరిగింది. ఎవరు అడిగినా తమ్ముడు మూడు రోజులపాటు ఒకటే చెప్పాడు: "తాడు బావే తొందరపడి విప్పాడు. అందుకే పడవ తిరిగింది." ఎముక కూర్చిన రాత్రే ఒళ్ళెరగని జ్వరం వచ్చి, బావ ఆసుపత్రి మంచం మీద స్పృహలో లేడు. నాలుగో రోజు లేచి నిజం చెప్పాడు.

ప్రార్థనాలయం పెద్దలు కూడారు. తమ్ముణ్ణి ముందు నిలబెట్టారు. వాక్యం ఎవరు చదువుతారని అడిగితే పంతులమ్మ లేచింది. మొగుడి కాలికి కట్టు, తమ్ముడి నోట్లో అబద్ధం, ఊరి నోట్లో తన కుటుంబం. అవన్నీ ఒకేసారి ఆమె గొంతులోకి వచ్చాయి. ఇదే లేఖ, ఇదే వాక్యం, పాత అనువాదంలో, ఒక్క ఒత్తు కూడా పోకుండా చదివింది. తమ్ముడు చివరిదాకా నిలబడి విన్నాడు. తర్వాత పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు, అక్క గడపా తొక్కలేదు. ఆ రోజు నుంచి మందు ముట్టలేదని ఊళ్ళో అనుకున్నారు. అయినా ఎవరూ పడవ ఇవ్వలేదు. వలలక్క షెడ్డులో చిరిగిన వలలు బాగుచేస్తున్నాడు. పడవ పోయినా పేరు పోలేదు, ఊరంతా ఇంకా సరంగనే పిలుస్తుంది.

విన్నవాళ్ళంతా వెళ్ళిపోయాక పెద్దయ్యగారు అన్నారు: "అమ్మాయ్, ఆవిడ చెప్పింది నిజం. మాట మార్చాలి."

పంతులమ్మ ఆలోచించింది. "'దారికి తీసుకురండి' అందామా?"

"'నిన్ను దారికి తెస్తా' అని ఎప్పుడంటారు?"

"...చొక్కా చేతులు మడిచేటప్పుడు."

"ఇంకోటి చెప్పు."

"'చక్కబెట్టండి'?"

"'వాడి సంగతి నేను చక్కబెడతా.'"

"'కుదర్చండి'?"

పెద్దయ్యగారు ఈసారి రుమాలు అడ్డం పెట్టుకోలేదు. "'నీ రోగం కుదురుస్తా'! అది ఇంకా బాగుంది."

"'బాగుచేయండి' అన్నా అంతే. 'నిన్ను బాగుచేస్తా చూడు' అంటారు." పంతులమ్మ కలం కింద పెట్టింది. "మనవాళ్ళు మంచి మాటలన్నిటి వెనకా తలో కర్ర దాచి పెట్టారండీ."

"అయితే మన మాటల్ని కాసేపు వదిలేద్దాం. ఆ మాట తన సొంతూళ్ళో ఎలా బతికిందో చూద్దాం. డబ్బా తియ్యి."

డబ్బా అంటే పాత బిస్కెట్ల రేకు డబ్బా. దాన్నిండా అట్టముక్కలు. ఒక్కో గ్రీకు మాట ఎక్కడెక్కడ వస్తుందో ఆ ముక్కల మీద ఇద్దరూ ఏళ్ళ తరబడి రాసి పెట్టుకున్నారు. ఈ మాట 'కతార్తిజో'. కొత్త నిబంధన మొత్తంలో పదమూడు చోట్ల ఉంది. పంతులమ్మ పదమూడు ముక్కలూ బల్ల మీద పరిచింది.

ఒక చోట విడిపోయి తగువులాడుకునేవాళ్ళని ఒక్కటిగా కలిసి ఉండమంటుంది. ఒక చోట శిష్యుడికి చదువు పూర్తయితే గురువంతటివాడవుతాడని చెబుతుంది. ఇంకో చోట లోకాలన్నీ దేవుడి మాటతో అమరాయని, మరో చోట ఒక శరీరం సిద్ధమైందని. ఒక చోట మాత్రం నాశనానికి తయారైన పాత్రలనీ ఉంది, ఆ ముక్క పంతులమ్మకు ఎప్పుడూ నచ్చదు. కానీ నచ్చలేదని డబ్బాలోంచి తీసేయకూడదు కదా. చివరికి రెండు ముక్కలు మిగిలాయి. వాటి మీద రాసి ఉన్నది ఒకే సంగతి: ఇద్దరు అన్నదమ్ములు తండ్రితోపాటు పడవలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. వాళ్ళని శిష్యులుగా పిలవబోతున్నవాడు ఒడ్డున నిలబడి ఉన్నాడు.

అందులో ఒక ముక్క వెనక పెద్దయ్యగారి చేతిరాత ఉంది, చూపు బాగున్న రోజులది: 'ఆ కాలపు వైద్యులు, చోటు తప్పిన ఎముకని చోటుకి తేవడాన్ని కూడా ఇదే మాటతో చెప్పేవారు.'

"వల, ఎముక" అంది పంతులమ్మ.

"కర్ర ఎక్కడా లేదు చూశావా? పుస్తకంలో చూడాల్సింది చూశాం. ఇక చేసేవాళ్ళని చూడాలి. ఎముక సంగతి మీ ఆయన్నడుగు. వల సంగతికి షెడ్డుకెళ్ళు."

"అక్కడ ఎవరుంటారో మీకు తెలుసు."

"తెలుసు. నాకు ఒక్క కన్నే మందగించింది."

* * *

మధ్యాహ్నం భోజనాల దగ్గర పంతులమ్మ భర్తను అడిగింది. ఆయన ఇప్పుడు సముద్రం మీదకి వెళ్ళడు. రేవు పక్క వర్క్‌షాపులో కూర్చుని పడవల ఇంజన్లు విప్పి బిగిస్తాడు. గోళ్ళకి పట్టిన ఆయిలు ఎన్ని సబ్బులరిగినా పోదు.

"ఏమండీ, ఆ రోజు ఎముక ఎలా కూర్చారు?"

ఆయన ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. "నాలుగేళ్ళకి అడుగుతున్నావు. తొందరేం వచ్చింది?"

"చెప్పండి."

"ఏముంది, ఒకమ్మాయి వెనక నుంచి నా చంకల కింద చేతులేసి పట్టుకుంది. డాక్టరు పాదం పట్టుకుని లాగాడు. ప్రాణం కళ్ళల్లోకొచ్చింది. బూతులు తిట్టానేమో కూడా, గుర్తులేదు." ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "కానీ ఒకటి గుర్తుంది. ఆయన లాగుతున్నంతసేపూ కాలు వైపు చూడలేదు, నా మొహం వైపే చూశాడు. 'ఇంకొంచెం, ఇంకొంచెం, అయిపోయింది' అంటూనే ఉన్నాడు. ఎందుకు విరగ్గొట్టుకున్నావని అడగలేదు. చోటుకి తెచ్చి కట్టేశాడు. మిగతా పని ఎముకే చూసుకుంటుందన్నాడు. చూసుకుంది."

పంతులమ్మ మజ్జిగ గిన్నె ఆయన వైపు జరిపింది.

"ఇంతకీ ఎందుకు?"

"ఒక మాట దొరకడం లేదు."

"బాగుంది. మాట కోసం రెండు వేల ఏళ్ళ వెనక్కి వెళ్తావు, మూడు వీధుల అవతలున్న తమ్ముడి దాకా వెళ్ళవు."

"వాడు మీ కాలు విరగ్గొట్టాడు. పైగా మీ మీద అబద్ధం చెప్పాడు."

"కాలు నాది. అది అతుక్కుని చాలాకాలమైంది. నువ్వే ఇంకా కుంటుతున్నావు."

"మరి మీరెందుకు వెళ్ళలేదు?" ఒత్తులు స్పష్టంగా వినబడ్డాయి.

ఆయన పళ్ళెంలో అన్నాన్ని వేళ్ళతో అటూ ఇటూ జరిపాడు. ఎప్పుడూ ఏదో ఒక హాస్యం సిద్ధంగా ఉండే మనిషి. ఈసారి లేదు. "వాడే రావాలని కూర్చున్నాను" అన్నాడు. "నింద వేసినవాడే రావాలి కదా అని. అంతే. నాకూ కొంచెం ఉందిలే."

* * *

మర్నాడు పొద్దున పంతులమ్మ షెడ్డుకు వెళ్ళింది. రేకుల కప్పు, సిమెంటు నేల, గోడ పొడుగునా ఇనుప కొక్కేలు. కొక్కేల నుంచి వలలు ఆకుపచ్చగా, నీలంగా వేలాడుతున్నాయి. ఉప్పు వాసన, పాత చేపల వాసన, ఎండలో వేడెక్కిన నైలాను వాసన. తమ్ముడు ఆ చివర పీట మీద కూర్చుని ఉన్నాడు. చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. తనకంటే ఆరేళ్ళు చిన్న. ఎప్పుడు తెల్లబడిందో ఆమెకు తెలియదు.

ఆమెను చూడగానే అతను లేవబోయాడు. ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయాడు.

వలలక్క నడుము మీద చేతులు పెట్టుకుని వచ్చింది. "పంతులమ్మగారికి వల బాగుచేయడం చూడాలట. పుస్తకం కోసం. సరంగూ, నువ్వు చూపించు. నా చేతులు ఖాళీగా లేవు." ఖాళీ చేతులూపుకుంటూ షెడ్డు బయటికి వెళ్ళిపోయింది.

కాసేపు ఇద్దరూ వలని చూశారు. ముందుగా తమ్ముడే మాట్లాడాడు, గోడకి చెప్పినట్టుగా.

"ఇది రాయికి పట్టి చిరిగింది. ముందు కత్తిరించాలి."

"ఇంకా కత్తిరిస్తారా? ఇప్పటికే ఇంత కంత ఉంది."

"చిరిగిన అంచు పట్టుకుని ముడేస్తే ఆగదు. పీలికలన్నీ తీసేసి, గట్టి ముడి ఎక్కడుందో అక్కడిదాకా వెళ్ళాలి." చిన్న కత్తితో కోస్తూ చూపించాడు. "మామూలు ముడికి నాలుగు పోగులుంటాయి. మూడు మిగిలిన ముడి ఒకటి వెతుక్కోవాలి. మొదలుపెట్టడం అక్కడి నుంచి, ముగించడం కూడా అలాంటిదాని దగ్గరే."

కంత నిజంగానే పెద్దదైంది. మనిషి దూరేంత. అతను నూలు చుట్టిన చెక్కసూది తీసుకున్నాడు. రెండు వరసలు అల్లాడు. వల మధ్యలో వేలాడిపోయి దాని కన్నులు, ముడుల మధ్య గళ్ళు, మూసుకుపోతున్నాయి. మోకాలితో అదిమాడు. పళ్ళతో పట్టుకున్నాడు. మామూలుగా ఇంకో మనిషి పట్టుకునే పని అది. ఆ మనిషి బయట ఎండలో నిలబడి సముద్రం చూస్తోంది.

పంతులమ్మ చేతిసంచి కింద పెట్టి వల అంచు పట్టుకుంది.

"బిగించి పట్టుకో" అన్నాడు. తర్వాత గుర్తొచ్చినట్టు, "పట్టుకోండి" అని సర్దుకున్నాడు.

"ఒరే."

అతను తలెత్తాడు.

"అండీ గిండీ అన్నావంటే వదిలేస్తాను."

అతని మూతి ఒక పక్కకి కదిలింది. నవ్వు అని చెప్పడానికి లేదు. "మరీ లాగకు. బాగున్న కన్నులు కూడా జారిపోతాయి. అలా... ఆఁ, అలా ఉంచు."

అల్లుతున్నాడు. కన్ను వెనక కన్ను. ఆమె చేతులకి నొప్పి పుట్టింది, అయినా మార్చలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, బడిలో పాఠం తప్పు చెప్పినప్పుడు పిల్లల ముందు ఎలా ఒప్పుకునేదో అలాగే చెప్పింది.

"ఆ రోజు నేను తప్పు చదివాను."

"వాక్యం సరిగ్గానే చదివావక్కా. నీ చదువుకి వంకేముంటుంది?" సూది ఆగలేదు. "నేను నీ వైపే చూస్తూ నిలబడ్డాను. ఒక్కసారి చూస్తావేమోనని. నువ్వు పుస్తకంలోంచి తలెత్తలేదు."

పంతులమ్మకు భర్త చెప్పిన డాక్టరు గుర్తొచ్చాడు. కాలు వైపు కాకుండా మొహం వైపు చూసిన మనిషి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ వల పట్టుకుని ఉన్నాయి కాబట్టి తుడుచుకోవడానికి లేదు. అవి వాటి దారిన కారాయి.

"చూడాల్సింది" అంది. "చూస్తే చదవలేననుకున్నాను. తప్పు నాదిరా."

అప్పుడు సూది ఆగింది.

"నీది చిన్నది. తాడు బావ విప్పాడని చెప్పానే, అది... అడిగినవాళ్ళందరికీ చెప్పాను, కానీ అబద్ధమని ఒప్పుకోలేదు. బావే చెప్పాల్సొచ్చింది. బావతో ఒక్కసారి అనాలి, 'నేను అబద్ధం చెప్పాను' అని. రోజూ అనుకుంటాను. ఆ వర్క్‌షాపు ముందు నుంచి పోకుండా రోజూ చుట్టూ తిరిగి వస్తాను."

"ఇవాళ తిన్నగా పోదాం."

అతను మిగిలిన కంతని చూపుతో కొలిచాడు. "ఇది అయ్యాక" అన్నాడు.

"ఎంతసేపు పడుతుంది? ఇంత పాతదానికి ఇంత చాకిరీ ఎందుకు? కొత్తది కొనుక్కోరా?"

అతను నిజంగా ఆశ్చర్యపోయి ఆమె వైపు చూశాడు. అక్కకి ఇంత చదువుండీ ఈ మాత్రం తెలియదా అన్నట్టు. "మన వలే కదక్కా. చిరిగిందని పారేసుకుంటామా? బాగుచేసుకుంటాం."

పంతులమ్మ చేతిలోంచి వల జారిపోయింది.

"అదిగో, జార్చావు!"

"ఇంకోసారి అను."

"జార్చావు అన్నాను."

"దాని ముందుది!"

"బాగుచేసుకుంటాం" అన్నాడు, అక్కకి ఎండ దెబ్బ తగిలిందేమోనని చూస్తూ.

* * *

ఆ వల పూర్తయ్యేసరికి పన్నెండు దాటింది. ఇద్దరూ తిన్న దారినే వెళ్ళారు. వర్క్‌షాపులో బావ ఒక ఇంజను పొట్ట విప్పి, దాని ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. తలెత్తి చూశాడు. చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది.

తమ్ముడు గుమ్మంలోనే నిలబడి మొదలుపెట్టాడు. "బావా, నేను ఆ రోజు—"

"లోపలికి రా. గుమ్మంలో నిలబడి చెప్పే మాటలు ఈ ఇంజన్ల గోలలో వినబడవు."

ఇంజన్లేవీ నడవడం లేదు. తమ్ముడు లోపలికి వచ్చి, ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "తాడు నువ్వు విప్పలేదు. నేను తాగి ఉన్నాను. నీకు మెలకువ రాకపోతే ఆ అబద్ధం అలాగే ఉంచేసేవాణ్ణేమో. అది తల్చుకుంటేనే భయమేస్తుంది. నీ కాలు కంటే అదే..."

బావ క్షమించానని చెప్పలేదు. పరవాలేదని కూడా అనలేదు. ఎందుకంటే పరవాలేని సంగతి కాదు. ఆయన స్పానరు తమ్ముడి ముందు పెట్టాడు.

"ఆ బోల్టు తుప్పు పట్టి రావడం లేదు. నా కాలు ఆనించి పట్టు పట్టలేను. నువ్వు పట్టు."

తమ్ముడు రెండు చేతులతో స్పానరు పట్టుకున్నాడు. బోల్టు కీచుమంటూ కదిలింది.

* * *

ఆ సాయంత్రం మాట చెప్పగానే పెద్దయ్యగారు ఒప్పుకోలేదు. ఆయన ఏ మాటా చెప్పగానే ఒప్పుకోరు.

"'మృదువుగా అతణ్ణి బాగుచేసుకోండి.' ఊఁ. నిన్నేగా 'బాగుచేయండి' అంటే కర్ర ఉందన్నావు?"

"'నిన్ను బాగుచేస్తా' అంటే బెదిరింపు. 'నిన్ను బాగుచేసుకుంటా' అని ఎవరినైనా బెదిరించండి చూద్దాం."

పెద్దయ్యగారు లోలోపల ఒకసారి ప్రయత్నించినట్టున్నారు. పెదవులు కదిలాయి. బెదిరింపు కుదరలేదు. "కానీ ఆ 'కో' గ్రీకులో లేదమ్మాయ్. నువ్వు చేర్చావు."

"వల దగ్గర మనమిద్దరం ఏం రాశాం? 'వలలు బాగుచేసుకుంటున్నారు' అనే కదా. అక్కడ 'కో' ఎందుకు పెట్టాం?"

"వాళ్ళ వలలు కాబట్టి."

"ఈ వాక్యం మొదట్లో ఏముంది?"

ఆయన కాగితాన్ని కుడి కంటికి దగ్గరగా పెట్టుకున్నారు. చదవాల్సిన పనిలేదు, కంఠతా వచ్చు. అయినా చదివారు. "'అన్నదమ్ములారా.'"

"తప్పు చేసినవాడు ఆ అన్నదమ్ముల్లో ఒకడే కదండీ? బయటివాడు కాదు. మన వస్తువు మనం బాగుచేస్తే, మన భాషలో 'కో' లేకుండా ఎలా చెబుతాం?"

ఆయన కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడిచి, "నేను పోయాక ఈ గదిలో నీకు ఎదురు చెప్పేవాళ్ళుండరేమోనని భయపడేవాణ్ణి" అన్నారు. "ఇప్పుడు ఎదురు చెప్పినవాళ్ళ గతేమిటా అని భయంగా ఉంది. రాయి."

పెద్దల కూటంలో అంత తేలిగ్గా జరగలేదు. అప్పట్లో తమ్ముణ్ణి ముందు నిలబెట్టిన పెద్దమనిషే లేచి, "ఇది మరీ మెత్తగా ఉంది. చేసినవాడికి బాధ ఎక్కడుంది?" అన్నాడు. పంతులమ్మ ఆయనకి వల కత్తిరించడం గురించి చెప్పింది. పీలికలు ఉంచి ముడేస్తే ఆగదని, కోస్తే కంత పెద్దదవుతుందని, అది చూడటానికే భయమేస్తుందని. "బాధ ఉందండీ. కానీ బాధపెట్టడం కోసం కోయరు, గట్టి ముడి దొరకడం కోసం కోస్తారు." ఇంకోమాట కూడా చెప్పింది, చెప్పాలని అనుకోనిది. "నాలుగేళ్ళ కింద మనం కోసి వదిలేశాం. అల్లలేదు. చదివింది నేనే."

ఆ పెద్దమనిషి ఒప్పుకోలేదు. చేతులెత్తి లెక్కిస్తే ఆయన చెయ్యి ఒక్కటే లేవలేదు. మిగతా అందరివీ లేచాయి.

మళ్ళీ ఐదుగురిని పిలిచి చదివారు. ఈసారి వలలక్క నవ్వలేదు. ఏం అర్థమైందని అడిగితే, "పోయినవాణ్ణి పోనివ్వకూడదని" అంది. కాసేపాగి, "అయితే ఇది పనితో కూడుకున్న సంగతి" అని సణిగింది. పెద్దయ్యగారు ఆ రెండు వాక్యాలూ అట్టముక్క మీద రాయించి డబ్బాలో వేశారు.

తమ్ముడికి మళ్ళీ సరంగు పని దొరకలేదు. ఊరు ఒక్క మాటతో మారిపోదు. కానీ వానలు తగ్గాక ఒక పడవ యజమాని అతన్ని వలలు చూసుకోవడానికి పడవ మీదకి తీసుకున్నాడు. చుక్కాని చక్రం ముట్టుకోనని అతనే ముందుగా చెప్పాడట. కొన్ని ఆదివారాలు ప్రార్థనాలయానికి వస్తాడు, కొన్ని రాడు. వచ్చినప్పుడు బావ పక్కన కూర్చుంటాడు. బావ కాలు చాపుకోవడానికి వీలుగా జరిగి కూర్చుంటాడు.

పంతులమ్మ సెలవు దొరికినప్పుడల్లా షెడ్డుకు వెళ్తోంది. పట్టుకోవడం బాగానే వచ్చింది. అల్లడమే రావడం లేదు. మొన్న ఒక పూటంతా కూర్చుని ఎనిమిది కన్నులు వేసింది. తమ్ముడు వాటిని వెలుగుకి పట్టి చూసి, ఒకదాని దగ్గర వేలు పెట్టాడు.

"అక్కా, ఇది ముడి కాదు, కామా. చేప తగిలిందంటే వాక్యమంతా ఊడిపోతుంది."

"అయితే చూపించు" అంది పంతులమ్మ, పీట దగ్గరికి జరుపుకుంటూ. "మెల్లగా చూపించు. నీ చెయ్యి కనబడేలా."